గుంటూరు నుంచి రామచంద్రాపురానికి: ఏరియా ఎలా ఎంచుకున్నాం

మా ఆయనకి హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉద్యోగం ఖాయమైనప్పుడు మా పెద్దాడు ఎనిమిదో తరగతి చివర్లో ఉన్నాడు. ఎక్కడ ఉండాలనే దానికన్నా ముందు ఎప్పుడు వెళ్లాలనేదే మాకు పెద్ద టెన్షన్. ఇంజనీరింగ్, మెడిసిన్ కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే వాటిలో, కనీసం 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. తెలంగాణలో లోకల్ అనిపించుకోవాలంటే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరసగా నాలుగేళ్లు అక్కడే చదవాలి. అంటే వెళ్తే ఆ జూన్‌లోనే వెళ్లాలి, లేదంటే వాడి ఇంటర్ అయ్యేదాకా ఆగాలి. వెళ్దామనే అనుకున్నాం.

చుట్టాలంతా వనస్థలిపురం రమ్మన్నారు. మనవైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా విజయవాడ హైవే పక్కనే స్థిరపడ్డారు. బస్సు దిగితే ఇల్లు, నలుగురూ దగ్గర్లో ఉంటారు. నాకూ మనసు అటే లాగింది. కానీ ఆఫీసు ఊరికి ఆ చివర. మా ఆయన ఒక సోమవారం పొద్దున ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లి చూశారు. గడప నుంచి గేటు దాకా దాదాపు రెండు గంటలు పట్టింది. రోజూ నాలుగు గంటలు రోడ్డు మీదే గడిపే మనిషి పిల్లల చదువు ఎప్పుడు చూస్తాడు? ఆ మాట అత్తయ్యే అన్నారు. దాంతో వనస్థలిపురం వదిలేశాం.

తర్వాత పడమటి వైపు వెతికాం. అమీన్‌పూర్ నాకు బాగా నచ్చింది. అక్కడి చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. చలికాలంలో వలస పక్షులు వస్తాయట. అపార్ట్‌మెంట్లు కొత్తవి, అద్దె కూడా మా చేతికి అందేదే. అయితే మేం వెళ్లింది మే నెలలో. మేం చూసిన అపార్ట్‌మెంట్ ముందు ట్యాంకరు ఆగి ఉంది. వాచ్‌మన్‌ని అడిగితే, "బోర్లల్ల నీళ్లు తగ్గినయమ్మా, దినాం రెండు ట్యాంకర్లు తెప్పిస్తున్నం. ఆ పైసలు మెయింటెనెన్స్‌ల కలుస్తయి" అన్నాడు. ఆ ఖర్చు గురించి ఓనరు మాకు చెప్పనేలేదు.

ఆ మాట విన్నాక ఎక్కడికి వెళ్లినా ముందు వాచ్‌మన్ దగ్గరికే వెళ్లాను. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్‌కి దగ్గర్లో ఒక పాత అపార్ట్‌మెంట్ చూశాం. గోడల రంగు వెలిసిపోయింది, లిఫ్టులో ముగ్గురు పట్టడమే కష్టం. అక్కడి వాచ్‌మన్ మాత్రం మేం అడగ్గానే సంపు మూత ఎత్తి టార్చి వేసి చూపించాడు. మంజీరా నీళ్లు పైనుంచి రెండు మెట్ల దాకా ఉన్నాయి. రోజు మార్చి రోజు పొద్దున్నే వదులుతారట, వంటకి అవే వాడుకోవచ్చట. అది విన్నాక నాకు రంగు సంగతి గుర్తే లేదు.

ఇంకో మేలు లింగంపల్లి స్టేషన్. నారాయణాద్రి, విజయవాడ ఇంటర్‌సిటీ అక్కడే బయల్దేరి గుంటూరు మీదుగా వెళ్తాయి. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. సికింద్రాబాద్ రద్దీలో ఆవిడని రైలెక్కించడం నా వల్ల కాదు. బండి బయల్దేరే చోటైతే నెమ్మదిగా ఎక్కి కూర్చుంటారు. ఊరికి వెళ్లడం తేలిక కాబట్టే ఆవిడ కూడా మాతో రావడానికి ఒప్పుకున్నారు. నా వరకు ఈ ఏరియా ఖాయమైంది అందుకే.

ఆషాఢం రాకముందే పాలు పొంగించాలన్నారు, అలాగే చేశాం. ఇక్కడి బడి వాళ్లు టీసీ మీద డీఈఓ (జిల్లా విద్యాధికారి) కౌంటర్ సైన్ అడిగారు. గుంటూరు వదలకముందే ఆ పని చేయించుకోవడం మంచిదైంది, లేదంటే దానికోసం మళ్లీ తిరగాల్సి వచ్చేది. బళ్లకి గుంటూరు ఆర్టీఏలో ఎన్‌ఓసీ తీసుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. స్కూటర్‌కి టీజీ నంబరు వచ్చేసింది. కారు మీద లోను ఉంది కాబట్టి బ్యాంకు నుంచి కాగితం రావాలి, దానికోసం చూస్తున్నాం.