నైట్ డ్యూటీ, ముందు వరుస

ఫ్రాన్స్‌తో ఐర్లాండ్ ఆడిన 2025 మహిళల రగ్బీ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ మళ్లీ చూశాను, ఈసారి లిండా జూగాంగ్‌నే చూస్తూ కూర్చున్నా. కామెరూన్‌లో పుట్టి, 9 ఏళ్లకు ఐర్లాండ్ వచ్చి, నర్సింగ్ చదివి, 2019లో ఆ దేశం జెర్సీ వేసుకున్న అమ్మాయి. కోవిడ్ రోజుల్లో ఆసుపత్రి డ్యూటీ చేస్తూనే ఆడింది. మా అక్కా నర్సే, నైట్ డ్యూటీ దిగాక గోడకి ఆనుకునే టీ తాగుతుంది, ఈవిడ అదే ఒంటితో ప్రాక్టీసుకి ఎలా వెళ్లిందో! పైగా ఆడేది ప్రాప్‌గా, అంటే రెండు జట్లూ గుంపుగా ఒకరినొకరు తోసుకునే స్క్రమ్‌లో ముందు వరుస, అవతలివాళ్ల భుజాలకి భుజాలు బిగించి, వెనక నుంచి తోసేవాళ్ల బలమంతా మెడ మీదే. టీవీలో మెచ్చుకునేది మాత్రం బంతితో పరిగెత్తేవాళ్లనే. సగం ఆటకి 13-0తో ముందున్న ఐర్లాండ్ వాళ్లు చివరికి 18-13తో ఓడిపోయారు, ఫలితం తెలిసి చూసినా ప్రాణం ఉసూరుమంది.