రెండు పాయింట్ల లెడ్డు

మన బడి వార్షిక సంచిక ఒకప్పుడు మద్రాసు జార్జిటౌన్ సందుల్లోని ఒక చిన్న ప్రెస్సులో అచ్చయ్యేది. 1970ల చివర్లో ప్రూఫులు, అంటే తప్పులు దిద్దడానికి తీసే నమూనా కాగితాలు, తెచ్చే పని తెలుగు మాస్టారు నాకు అప్పజెప్పారు. లెక్కల క్లాసు తప్పుతుందని సంబరంగా ఒప్పుకున్నాను. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రిక అయింది మద్రాసులోనే కదా, తెలుగు కంపోజింగ్ (సీసపు అక్షరాలు చేత్తో పేర్చడం) తెలిసినవాళ్లకి ఊళ్లో కొదవ ఉండేది కాదు.

మా కంపోజిటర్ గారు కాపీ మీంచి చూపు తిప్పకుండా కేసులోంచి, అంటే గళ్ల పెట్టెలోంచి, టైపులు (సీసపు అక్షరాలు) ఏరేవారు. ప్రతి టైపు ఒంటికీ ఒక పక్క చిన్న గాడి ఉంటుంది. అది బొటనవేలికి తగిలితే చాలు, అక్షరం ఎటు తిరిగి ఉందో తెలిసిపోతుంది. వరుస పేర్చుకోడానికి చేత్తో పట్టుకునే స్టిక్కులో అక్షరాలు తలకిందులుగా పేరుకునేవి. నేను మెడ వంచి తంటాలు పడుతుంటే ఆయన గడగడా చదివేసి, తప్పు కూడా పట్టేసేవారు.

ఒక ఏడు డబ్బు చాలక నాలుగు పేజీలు తగ్గించమని బడి నుంచి కబురొచ్చింది. లెడ్లు తీసేస్తే సరి అని ఎవరో సలహా కూడా చెప్పి పంపారు. లెడ్డంటే వరుసకీ వరుసకీ మధ్య పెట్టే సీసపు పట్టీ. మామూలుగా 2 పాయింట్ల మందం. 72 పాయింట్లు కలిస్తే దాదాపు అంగుళం. ఆయన ఏమీ అనకుండా ఒక పేరాలో లెడ్లు తీసి ప్రూఫు లాగి చేతిలో పెట్టారు. పై వరుసలో 'స్త్రీ' వత్తులు కింది వరుస గుడిదీర్ఘం నెత్తిన కూర్చున్నంత పని చేశాయి.

"ఇంగ్లీషుకైతే చెల్లుతుంది బాబూ. మనకి పైన గుళ్లు, కింద వత్తులు. మధ్యలో ఊపిరాడొద్దూ?" అన్నారు.

12 పాయింట్ల తెలుగు అదే సైజు ఇంగ్లీషు పక్కన చిన్నగా కనిపించేది కూడా ఇందుకే. పైకీ కిందికీ చోటు వదలగా అసలు అక్షరానికి మిగిలేది అంతే. చివరికి ఒక కథ ఎగిరిపోయింది (నాది కాదు లెండి), లెడ్లు ఉండిపోయాయి.

ట్రెడిల్ అనే చిన్న అచ్చు యంత్రం మీద మొదటి కాపీ తీశాక అరిగిన అక్షరాలు వెలవెలబోతే, సరిగ్గా ఆ చోట కాగితం వెనక్కి వచ్చేలా పల్చటి ముక్క అంటించి ఒత్తిడి సమం చేసేవారు. అలాగని కాగితం వెనక గుంటలు తేలితే ఆయనకి నామర్దా. ఇప్పుడు లెటర్‌ప్రెస్ (ఇలా ఉబ్బెత్తు అక్షరాలు నొక్కి అచ్చేసే పద్ధతి) శుభలేఖల్లో కావాలనే గుంటలు పడేలా నొక్కి, దానికే ఎక్కువ డబ్బు తీసుకుంటున్నారు! తడిమితే బాగానే ఉంటుంది, చదివేవాడికి మాత్రం దానివల్ల ఒరిగేదేం లేదు.

ఈ సంచిక పేజీలు కంప్యూటర్ మీద డీటీపీ చేస్తున్న తమ్ముళ్లూ, పేజీలు ఎక్కువైతే లైన్ స్పేసింగ్ జోలికి పోకండి. నా వ్యాసంలో ఒక పేరా కోసేయండి, నాకేం అభ్యంతరం లేదు.