5 రోజులు, 28 రోజులు: అమెరికా సివిల్ ల్యాబ్‌లో వారాల లెక్క

అమెరికా యూనివర్సిటీలో సివిల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ అసిస్టెంటుగా చేరేవాళ్లు అన్నిటికన్నా ముందు క్యాలెండర్ చూడడం నేర్చుకోవాలి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. పరీక్షల గడువులను ఆ 20 గంటల్లోనే ఇమడ్చాలి.

కాంక్రీట్ వైపు కాస్త నయం. కాంక్రీట్‌ను సిలిండర్ ఆకారపు అచ్చుల్లో పోసి, 7వ రోజున, 28వ రోజున మెషీన్‌లో నొక్కి పగలగొట్టి (బ్రేక్ చేసి) బలం చూస్తారు. 7, 28 రెండూ నిండు వారాలే కాబట్టి మంగళవారం పోసిన సిలిండర్‌ను మంగళవారమే బ్రేక్ చేస్తారు. 28 రోజుల పరీక్షకు అటూ ఇటూ 20 గంటల వెసులుబాటు ఉంది, 7 రోజులదానికి 6 గంటలే. అక్టోబర్ ఆఖర్లో గురువారం పోస్తే మాత్రం 28వ రోజు సరిగ్గా థాంక్స్‌గివింగ్ సెలవు మీద పడొచ్చు. ఆ రోజు టెక్నీషియన్ దొరకరు. అందుకే పోయడానికి ముందే మెషీన్ బుక్ చేసుకోవాలి. క్యూరింగ్ గదిలోంచి (కాంక్రీట్‌ను తేమలో ఉంచి గట్టిపడనిచ్చే గది) తీసిన సిలిండర్‌కు తడి గుడ్డ చుట్టి తీసుకెళ్లండి. ఆరితే బలం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

అసలు చిక్కంతా బీఓడీతో, అంటే మురుగునీటి లాంటి నమూనాలోని సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో కొలిచే పరీక్షతో. 300 మి.లీ. సీసాలు 20 డిగ్రీల దగ్గర చీకట్లో 5 రోజులుండాలి. సోమవారం పెడితే శనివారం, మంగళవారం పెడితే ఆదివారం రీడింగ్ తీయాలి. బుధ, గురు, శుక్రవారాల్లో పెడితే శని, ఆదివారాల బెడద ఉండదు. అలాగని నమూనా ముందే తెచ్చి దాచుకోలేం, ఫ్రిజ్‌లో పెట్టినా 48 గంటల్లోపు మొదలుపెట్టాలి. ఆక్సిజన్ లీటరుకు కనీసం 2 మి.గ్రా. తగ్గాలి, చివర్లో కనీసం 1 మి.గ్రా. మిగలాలి. ఎంత పలచన చేస్తే ఇది కుదురుతుందో ముందే తెలియదు గనుక ఒక్కో నమూనాకు మూడు రకాల పలచనలైనా పెట్టడం మంచిది. నమూనా కలపని బ్లాంక్ సీసాలో తగ్గుదల 0.2 మి.గ్రా. దాటిందంటే నీళ్లనో, సీసా శుభ్రతనో అనుమానించాలి. ఇక్కడ సీసాలు కడిగేది మనమే, వేరే మనిషి ఉండరు.

సీఓడీ, అంటే నీటిలోని మలినాలను రసాయనాలతో ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చూసే పరీక్ష, రెండు గంటల పనే. కానీ ఆ పరీక్షకు వాడే గాజు గొట్టాల్లో పాదరసం, వెండి, క్రోమియం ఉంటాయి. ఒక్క చుక్క కూడా సింకులో పోయకూడదు, లేబుల్ వేసిన వ్యర్థాల డబ్బాలోకే.

డిసెంబర్‌లో ఇంటికి టికెట్ కొనే ముందు ఆఖరి సిలిండర్ గడువు ఏ రోజో చూసుకోండి. ఆ రోజుకు ఊళ్లో లేకపోతే ల్యాబ్‌మేట్‌కు అప్పజెప్పాలి. మిక్స్ నంబరూ పోసిన తేదీ సిలిండర్ ఒంటి మీదే రాయండి. మూత మీద రాస్తే అచ్చు విప్పిన రోజే ఆ గుర్తు పోతుంది.