టికెట్ మీద ఎవరి నంబరు ఉంది? శంషాబాద్ నుంచి ఎగిరేవాళ్లకు పైసల లెక్కలు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరో, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనో ట్రావెల్స్ ఆఫీసుకు పోయి విమానం టికెట్ తీసుకున్నాక మనోళ్లు చూసేవి రెండే: తారీఖు, ధర. వాటికంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది. ఆ బుకింగులో ఎవరి ఫోన్ నంబరు, ఎవరి మెయిల్ ఎక్కించారు? ఎక్కువసార్లు ఏజెంటుదే ఉంటుంది. ఆయన తప్పుడు ఉద్దేశంతో చేసింది కాకపోవచ్చు, రోజుకు ఇరవై టికెట్లు కొట్టే చెయ్యి అలవాటుగా తన నంబరే కొడుతుంది. కానీ నష్టం మాత్రం మీదే.

ఎట్లా అంటే, విమానం టైము మారితే మెసేజ్ ఆయనకు పోతుంది. తక్కువ ధరకు బిజినెస్ క్లాసు ఇస్తామన్న మెయిల్ ఆయనకే పోతుంది. అన్నిటికంటే పెద్దది ఇది: సర్వీసును చివరి నిమిషంలో రద్దు చేస్తే డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) నిబంధన ప్రకారం కంపెనీ పరిహారం ఇవ్వాలి. గంటలోపు ప్రయాణానికి రూ. 5,000, రెండు గంటల దాకా రూ. 7,500, ఆపైన రూ. 10,000. లేదా ఒకవైపు బేస్ ఫేరు (పన్నులు కలపని అసలు ఛార్జీ), ఇంధన ఛార్జీ కలిపినంత. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. అయితే సరైన ఫోన్ వివరాలు ఇవ్వని ప్రయాణికుడికి పరిహారం ఇవ్వక్కర్లేదని అదే నిబంధనలో ఉంది. అందుకే టికెట్ చేతికి రాగానే పీఎన్‌ఆర్, ఇంటిపేరు కొట్టి కంపెనీ వెబ్‌సైట్లో బుకింగ్ తెరిచి, మీ నంబరు, మీ మెయిల్ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అక్కడే మార్చండి. మార్చనివ్వకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. పది నిమిషాల పని.

ఏజెంటు దగ్గర కొనొద్దని చెప్పడం లేదు. గల్ఫ్ రూట్లలో, ఉమ్రా గ్రూపుల్లో, పదిమంది కలిసి పోయేటప్పుడు వాళ్ల దగ్గర వెబ్‌సైట్లో కనబడని ధరలు ఉంటాయి. ఢిల్లీకో, ముంబైకో ఒక్కరు పోయిరావడానికి మాత్రం కంపెనీ సైట్లో సొంతంగా కొనడమే మేలు. సొంతంగా కొన్నదానికి ఇంకో లాభం కూడా ఉంది. దేశీయ ప్రయాణానికి వారానికి మించి టైముంటే, బుక్ చేసిన తర్వాత కనీసం 24 గంటలపాటు రద్దు ఛార్జీ లేకుండా టికెట్ వెనక్కి ఇచ్చేయొచ్చు. పేరులో అక్షరం తప్పు పడితే అదే 24 గంటల్లో చెప్పాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు మనవైపు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ల టికెట్ మీద పేరు ఎట్లా కొట్టాలన్నది కంపెనీని బట్టి మారుతుంది, కొనేముందే అడగాలి. పైగా మొత్తం పేరు ఒకే మాటగా ఉన్న పాస్‌పోర్టుతో యూఏఈ విజిట్ వీసా కుదరదు. ముందు పాస్‌పోర్టు సరిచేయించుకోండి, టికెట్ తర్వాత.

ఇక ధర సంగతి. ఒకే వరుసలో కూర్చున్న ముగ్గురు మూడు రకాల ధరలు కట్టి ఉంటారు. ఎకానమీ సీట్లను కంపెనీలు లోపల చాలా మెట్లుగా విడగొడతాయి. ఒక్కో మెట్టుకు ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక ధర, కొన్ని సీట్లు. కింది మెట్టు సీట్లు అయిపోగానే పై మెట్టు ధర కనిపిస్తుంది. ఫోన్‌లో పదేపదే వెతికితే రేటు పెంచుతారని, అందుకే ఇన్‌కాగ్నిటోలో చూడాలని చెప్తుంటారు. ఆ మాటను నేను నమ్మను. మధ్యాహ్నం చూసినదానికంటే సాయంత్రం రేటు పెరిగిందంటే మామూలుగా కారణం ఆ మెట్టు సీట్లు ఇంకెవరో కొనేయడమే.

ఈ మెట్ల సంగతి తెలిస్తే ఒక ఉపాయం దొరుకుతుంది. నలుగురికి ఒకేసారి వెతికితే, నాలుగు సీట్లూ ఉన్న మెట్టు ధరే సిస్టమ్ అందరికీ చూపిస్తుంది. ఉదాహరణకు రూ. 4,800 మెట్టులో రెండే సీట్లు మిగిలి, తర్వాతి మెట్టు రూ. 5,600 అనుకోండి. నలుగురికి కలిపి కొడితే రూ. 22,400 అవుతుంది. ముందు ఇద్దరికి, తర్వాత ఇద్దరికి కొంటే రూ. 20,800. అందుకే ముందు ఒక్కరికి వెతికి ధర రాసుకోండి, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి చూడండి. ఎక్కడ ధర ఎగిరితే అక్కడ విడగొట్టండి. దీంతో వచ్చే ఇబ్బంది కూడా తెలిసి ఉండాలి. పీఎన్‌ఆర్‌లు రెండవుతాయి కాబట్టి సర్వీసు రద్దయితే రెండు జంటలనూ వేర్వేరు విమానాల్లో సర్దొచ్చు. పిల్లలు తప్పకుండా పెద్దవాళ్ల పీఎన్‌ఆర్‌లోనే ఉండాలి.

పిల్లలంటే గుర్తొచ్చింది, పక్క సీటు కోసం డబ్బులు కట్టకండి. 12 ఏళ్లలోపు పిల్లలకు అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని డీజీసీఏ 2024లో కంపెనీలను ఆదేశించింది. మిగతావాళ్లకు కూడా సీటు ఎంచుకోవడం తప్పనిసరి కాదు. బుకింగ్ పేజీలో సీటు, భోజనం, బీమా, రద్దు రక్షణ అంటూ ఒక్కొక్కటే వస్తాయి. అన్నీ దాటేసుకుంటూ పోయి, డబ్బు కట్టేముందు మొత్తం బిల్లు ఒకసారి విప్పి చూడండి. మీరు పెట్టని టిక్ ఏదైనా ఉంటే అక్కడ దొరుకుతుంది.

మంగళవారం ప్రయాణం వద్దనే ఇళ్లు మన దగ్గర ఎక్కువ. ఛార్జీ మాత్రం చాలా రూట్లలో మంగళ, బుధవారాల్లోనే దిగుతుంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, ఆ గిరాకీ ఉండదు. సంక్రాంతికి, దసరాకు ముందు రెండు మూడు రోజులు వదిలేయండి, ఏ ఉపాయమూ పనిచేయదు. గల్ఫ్‌లో బడులకు సెలవులు జులై, ఆగస్టుల్లో కాబట్టి జూన్ ఆఖరు నుంచి అటునుంచి ఇటు రేట్లు మండుతాయి, ఆగస్టు చివర ఇటునుంచి అటు మండుతాయి. అమెరికా చదువులకు పోయేవాళ్ల రద్దీ జులై ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా ఒకసారి, డిసెంబరు ఆఖరు నుంచి జనవరిలో ఇంకోసారి. వీసా వస్తుందో రాదో అని టికెట్ ఆపుకునేవాళ్లు తారీఖు మార్చుకునే వీలున్న ఫేరు చూడాలి. కాస్త ఎక్కువైనా చివరి వారం ధరతో పోలిస్తే తక్కువకే పడుతుంది.

తారీఖు దగ్గరే ఇంకో గండం. శంషాబాద్ నుంచి దూరదేశాల విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున లేస్తాయి. టికెట్ మీద 15వ తేదీ 2:30 అని ఉంటే 14 రాత్రికే విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి పోయి నిలబడితే విమానం లేచిపోయి దాదాపు రోజు గడిచి ఉంటుంది, రానుపోను టికెట్ అయితే తిరుగు ప్రయాణం కూడా పోతుంది. ఎందుకంటే మొదటి విమానం ఎక్కకపోతే ఆ టికెట్లో మిగిలిన విమానాలన్నీ సిస్టమ్ తానే రద్దు చేస్తుంది. ఈ సంగతి తెలియక మధ్యలో ఒక విమానం వదిలేసి రైల్లో పోయి, తర్వాతి విమానానికి చేరేవాళ్లకు కౌంటర్లో చేదు కబురు ఎదురవుతుంది.

తొవ్వ ఖర్చు కూడా టికెట్లో భాగమే అనుకోవాలి. పాలమూరు వాళ్లకు ఇది సులువు, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వస్తే సిటీ దాకా పోకుండానే శంషాబాద్ తగులుతుంది. కల్వకుర్తి, అచ్చంపేట వాళ్లు శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ దాకా వస్తే చాలు. నల్లగొండ వాళ్లు చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కొచ్చు, బస్సులో అయితే ఎల్బీనగర్‌లో దిగి పుష్పక్ (విమానాశ్రయం బస్సు) అందుకోవచ్చు. సాగనంపడానికి రెండు బండ్లలో బంధువులంతా వస్తే పంతంగి టోల్, డీజిల్, పార్కింగ్ కలిసి టికెట్ మీద మిగిల్చుకున్నది అక్కడే ఖర్చయిపోతుంది. కోదాడ, హుజూర్‌నగర్ వాళ్లు గన్నవరం (విజయవాడ విమానాశ్రయం) ధర కూడా చూడాలి. అలంపూర్, గద్వాల వైపు వాళ్లకు బెంగళూరు విమానాశ్రయం అదే 44వ నంబరు హైవే మీద, ఊరికి ఇవతలే దేవనహళ్లిలో ఉంది. దూరదేశాల టికెట్ అక్కడి నుంచి మనిషికి పది, పదిహేను వేలు తగ్గితే రాత్రి బస్సు కష్టం భరించొచ్చు. మూడు నాలుగు వేల తేడాకైతే వద్దు.

లగేజీలో పైసలు పోయేది తెలియకనే. గల్ఫ్ కంపెనీలు చాలావరకు మొత్తం కిలోల లెక్క పెడతాయి, అమెరికాకు పెట్టెల లెక్క. చాలా టికెట్ల మీద రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఒకటి 26, ఇంకోటి 19 అయితే మొత్తం తక్కువే కదా అన్న వాదన నడవదు, 26 కిలోల పెట్టెకు డబ్బులు అడుగుతారు. ఏ పెట్టె అయినా 32 కిలోలు దాటితే తీసుకోరు. కాబట్టి ఇంట్లోనే తూకం వేసి సర్దండి. ఇంకో ఉచ్చు ఉంది. ఢిల్లీ నుంచి అమెరికా టికెట్ చవగ్గా దొరికిందని హైదరాబాద్–ఢిల్లీ వేరే టికెట్ కొంటే, ఆ దేశీయ విమానంలో మామూలుగా 15 కిలోలే ఉచితం. మిగతా 31 కిలోలకు కట్టే డబ్బుతో చవక కాస్తా ఆవిరవుతుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే ఎవరూ పూచీ పడరు. హైదరాబాద్ నుంచి ఒకే టికెట్ అయితే 46 కిలోలూ మొదటి నుంచి చివరిదాకా చెల్లుతాయి. అదనపు కిలోలు కావాలంటే ముందే ఆన్‌లైన్లో కొనండి, కౌంటర్లో ధర బాగా ఎక్కువ. పచ్చళ్లు, కారం చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి. ఎండు కొబ్బరి తీసుకుపోవద్దు, నూనె వల్ల అంటుకునే గుణం ఉందని ఆపుతారు. గల్ఫ్‌కు గసగసాలు పొట్లం కూడా వద్దు. అక్కడ అది మత్తు పదార్థాల కేసు.

ఇప్పుడు పై తరగతి సంగతి. మంచి బట్టలేసుకుని కౌంటర్లో నవ్వుతూ అడిగితే ఇచ్చేస్తారన్నది పాత మాట. ఎకానమీలో సీట్లకు మించి అమ్మినప్పుడు కొందరిని పైకి పంపడం నిజమే. కానీ ఆ వరుసను సిస్టమే తయారు చేస్తుంది. ముందు ఆ కంపెనీ మెంబర్‌షిప్‌లో పై హోదా ఉన్నవాళ్లు, తర్వాత ఎక్కువ ఫేరు కట్టినవాళ్లు. అయిదుగురి కుటుంబం ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే ఆ అవకాశం దాదాపు లేనట్టే.

నిజంగా పనిచేసేది బిడ్. ఎతిహాద్, లుఫ్తాన్సా, ఎయిర్ ఇండియా వంటివి ఖాళీ బిజినెస్ సీట్లకు ఎంత ఇస్తారో చెప్పమంటాయి. మెయిల్ రాకపోతే కంపెనీ సైట్లో పీఎన్‌ఆర్ కొట్టి మీరే చూడొచ్చు. ఆ మొత్తం మనిషికి, ఒక్కో విమానానికి లెక్క. ఇద్దరికి పెడితే రెట్టింపు, రెండు విమానాలకు వేర్వేరుగా పెట్టాలి. హైదరాబాద్ నుంచి గల్ఫ్ దాకా నాలుగు గంటలు చిల్లర, దానికి పెట్టకండి. అక్కడి నుంచి అమెరికా దాకా 13 గంటలకు పైనే, ఉన్న డబ్బంతా దానికే పెట్టండి. కనీస మొత్తానికి సీటు రావడం అరుదు, దానికంటే కొంచెం పైన పెట్టి, ఎంత దాటితే వద్దో ముందే అనుకోండి. ఒప్పుకుంటేనే కార్డులో డబ్బు పోతుంది. పోయాక మాత్రం వెనక్కి రాదు. లగేజీ చాలా కంపెనీల్లో పాత టికెట్ లెక్కనే ఉంటుంది, బిజినెస్ కిలోలు వస్తాయనుకుని పెట్టెలు నింపకండి. బిజినెస్ టికెట్ నేరుగా కొంటే జీఎస్టీ 18 శాతం, ఎకానమీకి 5 శాతమే. పోల్చేటప్పుడు పన్నుతో కలిపి పోల్చండి.

మైళ్ల దారి (విమానాల్లో తిరిగినకొద్దీ మెంబర్‌షిప్ ఖాతాలో పడే పాయింట్లు) ఆలస్యంగా ఫలిస్తుంది, అయినా వదలొద్దు. సభ్యత్వం ఉచితం, నంబరు బుకింగులో పడాలి అంతే. ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా, సింగపూర్, యునైటెడ్ ఒకే కూటమి, వాటన్నిటి మైళ్లూ ఒకే ఖాతాలో వేసుకోవచ్చు. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఇంకో కూటమి. ఎమిరేట్స్ దేనిలోనూ లేదు. నాలుగు ఖాతాల్లో కొంచెం కొంచెం చల్లితే ఏదీ అక్కరకు రాదు. అన్నిటికంటే చవకైన ఫేర్లకు మైళ్లతో పై తరగతి ఇవ్వని కంపెనీలున్నాయి, కొనేముందే ఆ షరతు చదవాలి.

కంపెనీయే విమానం టైము బాగా మార్చిందని మెసేజ్ వస్తే, వెంటనే ఒప్పుకుంటున్నానని నొక్కకండి. అప్పుడు మీ మాటకు బలం ఉంటుంది. అదే రోజు మీకు అనువైన ఇంకో విమానం వెతికి పెట్టుకుని ఫోన్ చేయండి, అదనపు డబ్బు లేకుండా మారుస్తారు, లేదా పూర్తి రిఫండ్ అడగొచ్చు. సీట్లకు మించి అమ్మి మిమ్మల్ని ఎక్కించుకోకపోతే, గంటలోపు లేచే వేరే విమానం ఇవ్వకపోతే పరిహారం ఉంది. 24 గంటల్లోపు పంపితే ఒకవైపు బేస్ ఫేరు, ఇంధన ఛార్జీకి రెండింతలు, రూ. 10,000 మించకుండా. అది దాటితే నాలుగింతలు, రూ. 20,000 మించకుండా. కొన్న తరగతి కంటే కింద కూర్చోబెడితే దేశీయ ప్రయాణంలో టికెట్ ధరలో 75 శాతం వెనక్కి రావాలి. కౌంటర్లోనే రాతపూర్వకంగా అడిగి, బోర్డింగ్ పాస్ ఫోటో తీసి ఉంచండి. కంపెనీ జవాబివ్వకపోతే ప్రభుత్వ ఎయిర్‌సేవ యాప్‌లో ఫిర్యాదు వేయొచ్చు.

వెనక్కి రాని టికెట్ అని రాసి ఉన్నా, విమానం ఎక్కకపోయినా, ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయం వసూలు చేసే యూజర్ ఫీజు మీకు తిరిగి రావాల్సిందే. చాలామంది టికెట్ పోయిందని ఊరుకుంటారు. కంపెనీ సైట్లో పీఎన్‌ఆర్ తెరిచి పన్నుల రిఫండ్ అడగండి. ఏజెంటు కార్డుతో కొన్నదైతే ఆ డబ్బు ఆయన ఖాతాకే పోతుంది కాబట్టి, ఎంత వచ్చిందో రిఫండ్ మెసేజ్ చూపించమని అడిగి తీసుకోండి.