ఎనిమిదో తరగతి ‘ఊ’ కొట్టేదాకా

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పదేళ్ళుగా సోషల్ చెబుతున్నాను. పాఠం చెప్పడం వచ్చు, కథ చెప్పడం రాదు. ఈ రెండూ వేరని రెండేళ్ళ కిందట ఎనిమిదో తరగతిలో, లంచ్ తర్వాతి పీరియడ్‌లో తెలిసొచ్చింది.

ఆ రోజు 1908 మూసీ వరద గురించి చెబుదామనుకున్నాను. మన ఊరి సంగతి కదా, పిల్లలు చెవులు రిక్కించి వింటారని ఆశ. రాత్రి కూర్చుని నోట్స్ రాసుకున్నాను. ‘మూసీ నది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి...’ అని మొదలుపెట్టాను. నది కృష్ణలో కలిసే లోపే వెనక బెంచీలో ఇద్దరు నిద్రలో కలిసిపోయారు. దాదాపు 15,000 మంది చనిపోయారని చెప్పగానే ముందు బెంచీ అమ్మాయి ఆ అంకె నోట్‌బుక్‌లో రాసుకుని, దాని కింద స్కేలుతో నీటుగా గీత గీసింది. ఆ గీత చూశాక ఇక గొంతు పెగల్లేదు.

ఇంట్లో మాత్రం వేరే లోకం. మా అత్తమ్మది జనగామ వైపు. రోజూ రాత్రి మా పాపకి అదే ఏడు చేపల కథ. పాపకి కంఠతా వచ్చు, అయినా ‘ఊ’ కొడుతూనే ఉంటుంది. ఒకరోజు గిన్నెలు తోముతూ చెవి అటు పెట్టాను. “చేపా చేపా, ఎందుకు ఎండలేదే?” అని అత్తమ్మ ఆగింది. ఊరికే ఆగింది, అంతే. పాప లేచి కూర్చుని “గడ్డిమేటు అడ్డమొచ్చింది!” అని అరిచింది. ఇంకోటి గమనించాను. ‘ఊ’ సన్నబడితే అత్తమ్మ గొంతు పెంచదు, తగ్గిస్తుంది. అప్పుడు పాపే దగ్గరికి జరుగుతుంది. నేనేమో క్లాసు జారిపోతుంటే టేబుల్ మీద డస్టర్‌తో కొట్టేదాన్ని.

“ఊ అంటున్నరా లేదా చూసుకోవాలె బిడ్డా. నీకు నువ్వే చెప్పుకుంటే అది కథ ఎట్లయితది?” అంది అత్తమ్మ. కొమురవెల్లిలో ఒగ్గుకథ వింటూ తెల్లార్లూ కూర్చున్న మనిషి ఆమె. కథకుడి పక్కన మాట అందుకునే తోడు లేకపోతే కథ కదలదంటుంది. బుర్రకథలోనూ అంతే కదా. ఇటు హాస్యం వంత, అటు రాజకీయం వంత. వినేవాళ్ళ నోట్లో ఉన్న ప్రశ్న వాళ్ళే అడిగేస్తారు. నా క్లాసులో వంతలు లేరు. నలభై మంది పిల్లలున్నా నేను ఒంటరిగానే చెప్పుకుంటున్నాను.

తర్వాతి ఆదివారం డాబా మీదికెళ్ళి కథంతా ఒక్కదాన్నే చెప్పి ఫోన్‌లో రికార్డు చేశాను. పదకొండు నిమిషాలు. నాలుగో నిమిషం దాకా విని, సిగ్గేసి, బట్టలు ఆరేసి వచ్చి మిగతాది విన్నాను. రెండు వాక్యాలకొకసారి ‘అంటే’. అసలైన చింతచెట్టు తొమ్మిదో నిమిషానికి గానీ రాలేదు.

ఆ చెట్టు ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారని చెబుతారు. ఇప్పటికీ ఏటా ఆ తేదీన కొందరు ఆ చెట్టు కింద చేరి పోయినవాళ్ళను తలుచుకుంటారు.

ఈసారి క్లాసులో చెట్టుతోనే మొదలుపెట్టాను. అది చాలదన్నట్టు, పసిబిడ్డని కొంగుతో కొమ్మకి కట్టుకున్న ఒక తల్లిని కూడా పెట్టాను. క్లాసంతా కళ్ళప్పగించింది. నాకు కాస్త గర్వంగానే ఉంది. అంతలో కిటికీ పక్క పిల్లాడు చెయ్యెత్తాడు.

“మేడమ్, ఆమె పేరేంటి?”

“తెలీదురా.”

“మరి మీకెవరు చెప్పారు?”

నేనే కల్పించానని ఒప్పుకున్నాను. పిల్లల మొహాలు చూడలేకపోయాను. పైగా వాడు “అయితే చెట్టు కూడా ఉత్తదేనా?” అన్నాడు. ఆ రాత్రంతా టెన్షనే. ఒక్క అబద్ధం నిజమైన చెట్టుని కూడా కూల్చేసింది.

మర్నాడు ఏమీ కలపకుండా ఒక్కటే అడిగాను. “ఒక చెట్టు మీద నూట యాభై మంది ఎలా పట్టారు?” ఇరవై నిమిషాలు కొట్టుకున్నారు. తడిసిన కొమ్మ జారదా? ముసలివాళ్ళని ఎవరు పైకి లాగి ఉంటారు? చెట్టు మీద నిద్రొస్తే? వంతెన మీద నుంచి పారిపోవచ్చుగా అని ఒకమ్మాయి అడిగింది. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ పోయాయని, పురానాపూల్ ఒక్కటే మిగిలిందని చెప్పాను. మళ్ళీ వరద రాదా అంటే, వరదని ఆపే పథకం వేసిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య వచ్చారు, నీళ్ళు ఆపే జలాశయాలుగా 1920లో ఉస్మాన్‌సాగర్ వచ్చింది, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చింది. మొన్న ఎవరికీ అక్కర్లేని నోట్సంతా ఇప్పుడు వాళ్ళే అడిగి తీసుకున్నారు.

ఇక స్కూల్ మ్యాగజైన్‌కి రాయాలి. చెప్పినదే రాస్తే సరిపోతుందనుకున్నాను. ‘నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి’ అని రాశాను. క్లాసులో ఆ మాట అన్నప్పుడు నా చెయ్యి మెడ దగ్గరుంది. కాగితం మీద చెయ్యేదీ? ఆ లోటు పూడ్చడానికి ‘భయంకరమైన’, ‘హృదయవిదారకమైన’ లాంటివి దట్టించాను. చదువుకుంటే సంతాప తీర్మానంలా ఉంది.

చెట్టుని చూసొద్దామని ఆస్పత్రికి వెళ్ళాను. నీడలో ఒకాయన టిఫిన్ బాక్సు విప్పి కూర్చున్నాడు. “ఎవరి కోసం వచ్చిన్రమ్మా?” అన్నాడు. అక్కడికి ఎవరైనా ఎవరో ఒకరి కోసమే వస్తారు. “చెట్టు కోసం” అన్నాను. వింతగా చూశాడు. కథ చెబితే చేతిలోని రొట్టె ముక్క చేతిలోనే ఉంచుకుని విన్నాడు. చివర “మరి ఎట్ల దిగిన్రు?” అన్నాడు. అది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

అన్నీ కొట్టేసి ఆ టిఫిన్ బాక్సుతో మొదలుపెట్టాను. రాసింది అత్తమ్మకి చదివి వినిపించాను. ‘ఊ’ ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో చుక్క. విశ్వేశ్వరయ్య పేరా దగ్గర మొత్తం ఆగిపోయింది. “ఆయన గొప్పోడే గానీ, చెట్టు మీదోళ్ళను ఎప్పుడు దింపుతవ్?” అంది. ఆ పేరాని కిందికి పంపేశాను.

మ్యాగజైన్ వచ్చిన వారానికి కిటికీ పక్క పిల్లాడు స్టాఫ్‌రూమ్ దగ్గర నన్ను పట్టుకున్నాడు. వాళ్ళ నాన్నతో వెళ్ళి చెట్టు చూసొచ్చాడట. “మేడమ్, ముందు మా బండి అఫ్జల్‌గంజ్ దగ్గర పంక్చరైంది. నాన్న నన్నే తిట్టాడు...” అని మొదలెట్టాడు. బెల్లు మోగింది, నాకు తొమ్మిదో తరగతిలో పీరియడ్ ఉంది. చెట్టు సంగతి చెప్పరా అనబోయి ఆగాను.

“ఊ” అన్నాను.