కావలి డాబా మీద హోల్డింగ్ ప్యాటర్న్: ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌లో నా అనుభవం

మేఘంలోకి వెళ్లాక బయట తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. ముక్కు పైకి ఉందా కిందికి ఉందా, ఏ పక్కకి వాలుతున్నాం అన్నది ఎదురుగా ఉన్న డయల్సే చెప్పాలి. వాటిని మాత్రమే చూసి విమానం నడిపి, రన్‌వే ముందుకు తెచ్చి నిలపగలనని చెక్ (పరీక్ష ఫ్లైట్) ఇచ్చి గెలుచుకునేదే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. మాది కావలి. నేను ఫ్లయింగ్ నేర్చుకుంది విదర్భలో. కానీ ఈ రేటింగ్‌లో అన్నిటికంటే కష్టమైన భాగం నాకు పట్టుబడింది మా ఇంటి డాబా మీద. ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి ఇప్పుడు చాలామంది పిల్లలు ఈ దారిలోకి వస్తున్నారు. వాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెక్క ప్రకారం 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ ఉండాలి. అందులో 20 గంటల దాకా సిమ్యులేటర్‌లో చేసుకోవచ్చు. పైలట్ ఇన్ కమాండ్‌గా 50 గంటల క్రాస్ కంట్రీ (ఒక చోటి నుంచి ఇంకో చోటికి ప్రయాణం) వేరే ఉండాలి. గంటల లెక్క ఎవరైనా పూర్తి చేస్తారు. ఆ గంటల్లోకి మనం ఏం తీసుకుని వెళ్తున్నామన్నదే ముఖ్యం. సెస్నా 172 నిదానంగా 90 నాట్ల వేగంతో పోతున్నా నిమిషానికి ఒకటిన్నర నాటికల్ మైళ్లు దాటిపోతుంది. ఇంజిన్ తిరుగుతుండగా కూర్చుని ఆలోచించే వీలు లేదు. ఆలోచన అంతా నేల మీదే అయిపోవాలి. ఫీజు కోసం నాన్న రొయ్యల గుంట మీద ఎన్ని పంటలు పెట్టాడో తెలిసినదాన్ని కాబట్టి, గాల్లో ఒక్క నిమిషం కూడా ఊరికే పోనివ్వకూడదని మొదటి నుంచీ పట్టుదలగా ఉన్నాను.

మొదట వదిలించుకోవాల్సింది ఒంటి మీది నమ్మకం. మన లోపలి చెవిలో ఉండే ద్రవం కదిలితేనే మనం తిరుగుతున్నట్టు మెదడుకి తెలుస్తుంది. విమానం మరీ నెమ్మదిగా ఒక పక్కకి వాలితే ఆ ద్రవం కదలదు, మనకి తెలియదు. డయల్ చూసి రెక్కలు సరిచేయగానే ఇప్పుడు రెండో పక్కకి వాలుతున్నట్టు ఒళ్లంతా చెబుతుంది. హుడ్ (బయట కనిపించకుండా చేసే అడ్డు) పెట్టుకుని, కళ్లు మూసుకుని తల వంచమని చెప్పి, నేర్పే సార్ విమానాన్ని అటూ ఇటూ తిప్పి చేతికి ఇస్తారు. కళ్లు తెరిచేసరికి ముక్కు కిందికి, స్పీడ్ పెరుగుతూ ఉంటుంది. పవర్ తగ్గించు, రెక్కలు సమం చెయ్, ఆ తర్వాతే మెల్లగా పైకి లాగు. ఈ వరుస మారకూడదు. రెక్కలు వాలి ఉండగానే లాగితే మలుపు ఇంకా బిగుసుకుపోతుంది. నాన్న తెల్లవారుజామున గుంట దగ్గర నీళ్ల రంగు చూసి ఊరుకోడు, ఆక్సిజన్ మీటర్ ముంచి చూశాకే ఏరేటర్ల సంగతి తేలుస్తాడు. కాక్‌పిట్‌లో నాకు కావాల్సింది కూడా అచ్చం ఆ అలవాటే.

స్కాన్, అంటే డయల్స్ మీద చూపు తిప్పే పద్ధతి గురించి పుస్తకాల్లో బోలెడంత ఉంటుంది. నాకు పనికొచ్చింది ఒక్కటే: చూపు ఆటిట్యూడ్ ఇండికేటర్ (ముక్కు, రెక్కల వాలు చూపే డయల్) దగ్గర మొదలై, ఒక డయల్ దగ్గరికి వెళ్లి, మళ్లీ అక్కడికే రావాలి. ఎత్తు చూసి వెనక్కి, హెడింగ్ (ముక్కు ఉన్న దిక్కు) చూసి వెనక్కి. ఏ డయల్ దగ్గర చూపు అతుక్కుపోయినా మిగతావి చేజారిపోతాయి.

ఇక హోల్డింగ్. అంటే దిగే వంతు వచ్చేదాకా ఒక స్టేషన్ దగ్గర గాల్లోనే గుండ్రపు మూలల పొడవాటి చుట్లు తిరుగుతూ ఆగడం. వర్షాకాలంలో విదర్భలో ఫ్లయింగ్ బాగా తగ్గిపోతుంది. ఆ రోజుల్లో ఇంటికి వచ్చాను. ఎయిర్‌ఫోర్స్‌లో రేడియో టెక్నీషియన్‌గా చేసి రిటైరైన మా మేనమామ మా వీధిలోనే ఉంటాడు. సాయంత్రం ఎండ తగ్గాక డాబా మీదికి వచ్చేవాడు. నీళ్ల డ్రమ్ము మా వీఓఆర్ స్టేషన్, అంటే రేడియోతో దిక్కు తెలిపే నేల మీది కేంద్రం. అమ్మ ముగ్గుపిండితో డ్రమ్ము చుట్టూ పెద్ద వృత్తం గీసి, ఎనిమిది దిక్కుల్లో డిగ్రీలు రాశాం. ఇన్‌బౌండ్ (స్టేషన్ వైపు వచ్చే) కోర్స్ 090, అంటే సముద్రం వైపు ముఖం. అవుట్‌బౌండ్ (దూరంగా పోయేది) 270. మలుపులన్నీ కుడికి.

నేను స్టాప్‌వాచ్ పట్టుకుని నడుస్తాను. మామ కుర్చీలో కూర్చుని కంట్రోలర్. వచ్చే దిక్కుని బట్టి ఈ చుట్టులోకి చేరే పద్ధతి, అంటే ఎంట్రీ, మూడు రకాలు: డైరెక్ట్, పారలల్, టియర్‌డ్రాప్.

"అమ్మాయ్, ఒంగోలు నుంచి వస్తున్నావు. ఎంట్రీ ఏంది?"

"హెడింగ్ 180. డైరెక్ట్, మామా."

"నెల్లూరు నుంచి?"

"360. పారలల్."

"ఈశాన్యం మూల నుంచి?"

"225. టియర్‌డ్రాప్. అవుట్‌బౌండ్ 240."

చెప్పడంతో అయిపోదు, నడిచి చూపించాలి. డైరెక్ట్ అయితే డ్రమ్ము దాటగానే నేరుగా చుట్టులోకి తిరగడమే. పారలల్ అయితే డ్రమ్ము దాటగానే 270కి తిరిగి ఒక నిమిషం, తర్వాత ఎడమకి తిరిగి, హోల్డింగ్ ఉన్న పక్క నుంచి మళ్లీ డ్రమ్ము దగ్గరికి. టియర్‌డ్రాప్ అయితే అవుట్‌బౌండ్‌కి 30 డిగ్రీలు లోపలికి, ఒక నిమిషం, కుడికి తిరిగి 090 అందుకోవడం. కాగితం మీద గీసుకున్నప్పుడు ఈ మూడూ మూడు బొమ్మలు, అంతే. కాళ్లతో నడిచినప్పుడు ఏ పక్కకి తిరగాలన్నది భుజాలకే తెలిసిపోతుంది. గాల్లో పనికొచ్చేది ఆ తెలివిడే.

సగం చుట్టు తిరగడానికి కూడా నేను సరిగ్గా నిమిషం తీసుకునేదాన్ని. రేట్ వన్ టర్న్ అంటే సెకనుకి 3 డిగ్రీలు, 180 డిగ్రీలకి నిమిషం. దానికి ఎంత బ్యాంక్ (రెక్కల వాలు) కావాలంటే, వేగంలో పదో వంతుకి 7 కలుపుకోవాలి. 100 నాట్లకి 17 డిగ్రీలు. 14,000 అడుగుల లోపు లెగ్ (చుట్టులోని తిన్నని భాగం) ఒక నిమిషం, అంతకు పైన నిమిషంన్నర. అవుట్‌బౌండ్ టైమ్ మలుపు మొదలైనప్పటి నుంచి కాదు, డ్రమ్ముకి సరిగ్గా పక్కకి వచ్చినప్పటి నుంచి లెక్క.

తర్వాత మామ గాలి కలిపాడు. మా దగ్గర సాయంత్రం ఎటూ తూర్పు నుంచి సముద్రపు గాలి కొడుతుంది. ఇన్‌బౌండ్‌లో అది ఎదురుగాలి, అవుట్‌బౌండ్‌లో వెనక నుంచి తోసే గాలి. ఇన్‌బౌండ్ నిమిషానికి బదులు నిమిషంపావు పడితే, తర్వాతి చుట్టులో అవుట్‌బౌండ్ ముప్పావు నిమిషం దగ్గరే తిరగాలి. పక్కగాలి అయితే ఇన్‌బౌండ్‌లో ఎన్ని డిగ్రీలు సరిదిద్దుకున్నామో, అవుట్‌బౌండ్‌లో దానికి మూడింతలు. మలుపుల్లో గాలి నెట్టేసింది కూడా అక్కడే తీర్చుకోవాలి కాబట్టి మూడింతలు.

ప్రతి మూల దగ్గరా నోటితో చెప్పుకునే వరుస ఒకటుంది: టర్న్, టైమ్, ట్విస్ట్, థ్రాటిల్, టాక్. తిరుగు, వాచీ నొక్కు, కోర్స్ తిప్పు, పవర్ చూడు, అన్నీ అయ్యాక మాట్లాడు. మాట చివర ఉండటం చాలా ముఖ్యం. కంట్రోలర్ పిలిచాడు కదా అని టెన్షన్‌లో ముందు మైక్ నొక్కితే విమానం ఎటో పోతుంది. మామ కావాలనే మలుపు మధ్యలో పిలిచేవాడు. మలుపు అయ్యేదాకా జవాబివ్వకపోతే తల ఊపేవాడు. ఇచ్చినప్పుడు ఎత్తు, హెడింగ్, ప్రెషర్ అంకెలు ఒక్కటి కూడా వదలకుండా తిరిగి చెప్పాలి.

స్టేషన్ ఐడెంట్ (అది పంపే మోర్స్ గుర్తు) వినకుండా, డయల్‌లో దాని దిక్కు చూపే నీడిల్‌ని నమ్మకూడదని నా చెవిలో వేసిందీ మామే. ఫ్రీక్వెన్సీ పెట్టగానే మోర్స్ వినాలి. మనకి దగ్గరున్న చెన్నై వీఓఆర్ గుర్తు ఎంఎంవీ. డా-డా, డా-డా, డిడిడి-డా. స్టేషన్‌ని రిపేరులో పెట్టినప్పుడు ఆ గుర్తు తీసేస్తారు. అప్పుడు కూడా నీడిల్ కదలొచ్చు, ఏదో ఒకటి చూపించొచ్చు. రేడియో పరికరాల మధ్యే ఉద్యోగం చేసిన మనిషి కాబట్టి ఈ ఒక్క విషయంలో మామ అసలు రాజీ పడడు. వంటింట్లో గిన్నె మీద చెంచాతో కొట్టి అడిగేవాడు, ఏ స్టేషన్ అని.

గాలి ప్రెషర్‌ని బట్టి ఎత్తు చూపే ఆల్టీమీటర్ విషయం తుపాను రోజుల్లో బాగా అర్థమైంది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటింది. దానికి ముందు రోజు వాననీళ్లు నిలిచి చెన్నై విమానాశ్రయాన్ని మూసేశారు. మన తీరమంతా ప్రెషర్ పడిపోతున్న రోజులవి. సముద్ర మట్టం దగ్గర ఒక్క హెక్టోపాస్కల్ తేడాకి ఎత్తు దాదాపు 27 అడుగులు తేడా చూపిస్తుంది. అసలు ప్రెషర్ 993 ఉండగా డయల్‌లో 1013 వదిలేస్తే, మనం ఉన్నదానికంటే 540 అడుగులు పైన ఉన్నట్టు కనిపిస్తుంది. ఐఎల్ఎస్ (రన్‌వే వైపు దారి చూపే రేడియో వ్యవస్థ) మీద నేలకి 200 అడుగుల దాకా దిగే పనిలో 540 అడుగుల అబద్ధం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అందుకే కిందికి దిగేటప్పుడు క్యూఎన్‌హెచ్ (ఆ చోటి సముద్ర మట్టపు ప్రెషర్) పెట్టాక దాన్ని పైకి చదివి, వేలితో చూపిస్తాను. పక్కన ఎవరూ లేకపోయినా సరే.

నాగపూర్‌లో మొదటిసారి ఐఎల్ఎస్ చేసినప్పుడు డాబా మీది పని విలువ తెలిసింది. వీఓఆర్‌లో నీడిల్ చివరిదాకా పోతే 10 డిగ్రీల తేడా. ఐఎల్ఎస్‌లో ఎడమ కుడి చూపే లోకలైజర్‌లో అదే నీడిల్ చివరిదాకా పోతే రెండున్నర డిగ్రీలే. రన్‌వే దగ్గరవుతున్నకొద్దీ ఇంకా చురుగ్గా కదులుతుంది. నీడిల్‌ని తరమకూడదు. ఒక హెడింగ్ పట్టుకుని, రెండు డిగ్రీలు మార్చి, ఏం చేస్తుందో చూడాలి. గ్లైడ్ స్లోప్, అంటే దిగే వాలు, 3 డిగ్రీలు. గ్రౌండ్ స్పీడ్‌ని 5తో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. 90 నాట్లకి 450. ఎదురుగాలితో 80 అయితే 400. ఈ అంకె ముందే చేతిలో ఉంటే గ్లైడ్ స్లోప్ నీడిల్ మధ్యకి రాగానే పవర్ తగ్గించి ఆ రేటు పట్టుకుంటే సరిపోతుంది.

డెసిషన్ హైట్ (దిగాలా వద్దా తేల్చుకునే ఎత్తు) దగ్గర ఉన్నప్పుడు నేల అర నిమిషం లోపే. రన్‌వే కనిపించకపోతే ఏం చేయాలన్నది అక్కడ ఆలోచించే విషయం కాదు. దిగకుండా మళ్లీ పైకి వెళ్లే మిస్డ్ అప్రోచ్‌ని, అప్రోచ్ (రన్‌వే వైపు దిగి రావడం) మొదలుకాక ముందే గట్టిగా చదువుకోవాలి: ఏ ఎత్తుకి, ఏ పక్కకి, ఏ స్టేషన్ వైపు. ఫుల్ పవర్, ముక్కు పైకి, ఎక్కుతున్నామని డయల్‌లో చూసుకుని ఫ్లాప్స్, తర్వాత మలుపు, ఆఖర్న రేడియో. మామూలు కుర్చీలో, చేతిలో ఏమీ లేకుండా, నేను అన్నిటికంటే ఎక్కువగా చేసింది ఈ ఒక్క ప్రాక్టీసే. కళ్లు మూసుకుని చేయి థ్రాటిల్ ఉండే చోటికి పోయేదాకా చేశాను. అమ్మ చూసి మొదట్లో కంగారుపడింది, తర్వాత తనే టైమ్ చూసి పెట్టేది.

పార్షియల్ ప్యానెల్ (కొన్ని డయల్స్ లేకుండా నడపడం) కూడా చెక్‌లో తప్పకుండా అడుగుతారు. వ్యాక్యూమ్ పంప్ పోయిందనుకుని, దాని మీద నడిచే ఆటిట్యూడ్ ఇండికేటర్, హెడింగ్ ఇండికేటర్ రెండింటినీ మూసేస్తారు. మలుపుకీ దిక్కుకీ మిగిలేది టర్న్ కోఆర్డినేటర్ (మలుపు వేగం చూపేది), కంపాస్, వాచీ. మలుపులో కంపాస్‌ని నమ్మలేం కాబట్టి టైమ్‌తోనే తిరగాలి: 90 డిగ్రీలకి 30 సెకన్లు. డాబా మీద సెకన్లు లెక్కపెట్టుకుంటూ తిరిగిన మలుపులు ఇక్కడ మళ్లీ పనికొచ్చాయి.

చెక్ రోజు నాకు 360 దిక్కుగా స్టేషన్ మీదికి రమ్మని, 090 ఇన్‌బౌండ్‌తో హోల్డ్ ఇచ్చారు. నెల్లూరు నుంచి వచ్చే ఎంట్రీ అది. పారలల్ అని నోరు అనకముందే చేయి 270కి తిరిగింది. ఆ తర్వాత ఐఎల్ఎస్, మిస్డ్ అప్రోచ్, వీఓఆర్ అప్రోచ్. ఎగ్జామినర్ మధ్యలో ఎక్కువ మాట్లాడలేదు, దిగాక సంతకం పెట్టారు.

ఏడాదికోసారి మళ్లీ చెక్ ఇవ్వాలి కాబట్టి ప్రాక్టీస్ ఆపలేదు. ఇప్పుడు శాటిలైట్ అప్రోచ్‌ల మీద కూర్చున్నాను. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం మన గగన్ (శాటిలైట్ నావిగేషన్ వ్యవస్థ) సాయంతో దిగింది. రన్‌వే దగ్గర ఐఎల్ఎస్ యాంటెన్నాలు లేకపోయినా గ్లైడ్ పాత్ దొరుకుతుందన్న మాట. దగదర్తి విమానాశ్రయం గురించి మన జిల్లాలో ఏళ్లుగా వింటున్నాం. అది వచ్చిన రోజు ఇలాంటి అప్రోచ్ ఒకటి దానికీ ఉండాలని నా కోరిక. ఆ చార్టుల్లో ఎల్‌పీవీ మినిమా (ఈ రకం శాటిలైట్ అప్రోచ్‌లో దిగగల కనీస ఎత్తు) ఎలా చదవాలో, గగన్ సిగ్నల్ మధ్యలో పోతే ఏ గడిలోని అంకెకి మారాలో ప్రస్తుతం నోట్స్ రాసుకుంటున్నాను. అది పూర్తి కాగానే దాని గురించి కూడా ఇంతే వివరంగా రాస్తాను.