సోషల్ మాస్టారి మూడు గళ్లు

పూర్వ విద్యార్థుల సంచికకు కమిటీవారు రెండు పేజీలు చాలన్నారు. మన తొమ్మిది-బి గురించి రెండు పేజీలంటే సోషల్ మాస్టారు చెప్పిన బొబ్బిలి యుద్ధం పాఠమే. మిగతా ఏళ్ల సంగతి మిగతావాళ్లు రాస్తారు.

మొదటి పీరియడ్లో పుస్తకం, పెన్ను సంచిలోనే. బుర్రకథ వినడమే పని. బొబ్బిలి రాజు రంగారావు కోట, ఆయన రాణి మల్లమ్మదేవి, రాజాం నుంచి ఆలస్యంగా వచ్చిన తాండ్ర పాపారాయుడు, విజయనగరం రాజు విజయరామరాజు డేరా. మర్నాడు బోర్డు మీద నిలువుగా మూడు గళ్లు: కథ, కాగితం (రాతలో దొరికేది), చోటు (అక్కడికెళ్తే కనిపించేది). ఒక్కో సంగతి ఏ గడిలో పడుతుందో మనమే తేల్చాలి. రెండింట్లో పడితే కింద గీత. ఒక్కదాంట్లోనే ఉంటే పక్కన ప్రశ్నార్థకం. చెరపడం మాత్రం లేదు.

యుద్ధం జరిగిన 1757 జనవరి 24, విజయనగరం వైపు వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం కాగితం గడిలో. బొబ్బిలిలో 1891 నాటి యుద్ధ స్మారక స్తంభం చోటు గడిలో. డేరాలో హత్య కల్పనే అనుకుంటాం కదా, మద్రాసు కౌన్సిల్లో పనిచేసిన రాబర్ట్ ఓర్మ్ రాసినదాంట్లోనూ మూడో రాత్రి బొబ్బిలి సైనికులు డేరాలో దూరి విజయరామరాజును చంపారనే ఉంది. గీత పడింది!

మనలో పంతుళ్లయినవాళ్లం ఇప్పటికీ ఈ పద్ధతే వాడుతున్నాం, పిల్లలు బాగా పట్టుకుంటున్నారు. వరస మాత్రం మార్చకూడదు. కాగితం ముందు చూపిస్తే కథ అబద్ధమని పిల్లలు నోరు మూసుకుంటారు. ఇంకో చిక్కు, కథ బొబ్బిలివైపే మొగ్గుతుంది. విజయనగరం పిల్లలు నొచ్చుకుంటారు, కులాల మాట లేస్తుంది. అందుకే "ఈ కథ ఎవరి ముందు పాడేవారు? ఆనాడు విజయనగరంలో పాడితే ఏం మార్చేవారు?" అని రెండోరోజే అడగాలి, మూడోరోజుకు వాయిదా వేస్తే జట్లు కట్టేస్తారు.

మూడోరోజుది కాగితం పట్టీ. నెలకో అంగుళం, 1757 జనవరి నుంచి 1759 ఏప్రిల్ దాకా 28 అంగుళాలు. బొబ్బిలి దగ్గర పెట్టిన వేలు అయిదు అంగుళాలు జరిగితే బెంగాల్లో ఇంగ్లీషువాళ్లు గెలిచిన ప్లాసీ యుద్ధం. డేరాలో చచ్చిన రాజు తరవాత గద్దెనెక్కిన ఆనందగజపతి ఫ్రెంచివాళ్లతో చెడి ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. బెంగాల్ నుంచి క్లైవు తన సేనాని ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు, మరుసటి ఏప్రిల్లో మచిలీపట్నం పోయింది. 1753లో ఫ్రెంచివాళ్లకు దక్కిన ఉత్తర సర్కారులు (కోస్తా జిల్లాలు) పట్టీ చివరి అంగుళానికి చేజారాయి. ఆ చివర నుంచి వెనక్కి వేలు జరుపుతూ డేరా దాకా రమ్మని మాస్టారు ఒక్కొక్కరినీ పిలిచేవారు.